శనివారం తెచ్చిన స్క్రూడ్రైవర్

ఆ రోజుల్లో, అంటే నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్తగారింట్లో స్క్రూడ్రైవర్ అని పిలిచే వస్తువు ఒకటుండేది. పేరుకే స్క్రూడ్రైవర్ గానీ, అది స్క్రూ విప్పగా నేను చూసింది తక్కువ. పాలపొడి డబ్బా మూత లేపాలన్నా, కొబ్బరికాయ కన్ను పొడవాలన్నా, తూములో అడ్డం పడ్డ చెత్త కెలకాలన్నా అదే. ఒక్కోసారి మా మామ వీపు గోక్కోవడానికి కూడా అదే (అడిగితే ఒప్పుకోడు). ప్రపంచంలో స్క్రూలన్నీ మైనస్ తలతోనో ప్లస్ తలతోనో పుడతాయని నా గట్టి నమ్మకం. పదో తరగతి దాకా చదివిన లెక్కల్లో కూడా నాకు సరిగ్గా వచ్చినవి ఆ రెండు గుర్తులే. మూడో రకం తల ఒకటుంటుందనీ, అది నా కాపురాన్ని ఒక పగలంతా గడగడలాడిస్తుందనీ అప్పట్లో ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

మా పుట్టిల్లు పడమటి వైపు మెట్ట ఊరు. అక్కడ దండెం మీద బట్ట వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. అత్తగారి ఊరేమో అల్లూరు దాటి సముద్రం వైపు. ఇక్కడి గాలిలోనే ఉప్పు, తడి. అగ్గిపుల్ల గీస్తే మెత్తగా జారుతుందే తప్ప వెలగదు, అప్పడం వేయించకముందే వంగిపోతుంది. అందుకని ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక పద్ధతి ఉంది. టీవీ కింద ఉండే డిష్షు డబ్బా ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది కదా, ఆరాల్సినవన్నీ దాని మీద పెడతారు. అగ్గిపెట్టె, అప్పడాల పొట్లం, మామ బీడీకట్ట, తడిసిన పది రూపాయల నోటు, అన్నిటికీ అదే ఎండ. నాకూ వచ్చిన వారంలోనే ఆ అలవాటు పట్టుకుంది.

ఆ రోజు శనివారం. మరునాడు అల్లూరులో మా అత్త తమ్ముడి కూతురికి ఓణీల ఫంక్షన్. అత్త పొద్దున్నే బీరువా తీసి, గుడ్డలో చుట్టిన ఏడురాళ్ళ కమ్మలు నా చేతిలో పెట్టింది. అవి వాళ్ళమ్మ పెట్టుకున్న కమ్మలు. ఏ కోడలికీ, ఆడబిడ్డకీ ఇవ్వనివి నా చేతికి ఇవ్వడం అదే మొదటిసారి. "కుంకుడు నురగతో కడుగు పాపా. మరలు జాగర్త. ఒకటి ఇప్పటికే చెరువు తినేసింది" అంది. ఆ చెరువు కథ నేను అడుగుపెట్టిన రెండో రోజే మామ నోట విన్నాను. ఒకప్పుడు రొయ్యలకి మేత చల్లుతూ ఉంటే అత్త చెవి కమ్మ వెనక మర ఊడి చెరువులో పడిందట. ఆనాటి నుంచి పంట పట్టి చెరువు ఎండగట్టినప్పుడల్లా మామ బియ్యం జల్లెడ పట్టుకుని బురదలో దిగుతాడు. దాని బదులు నెల్లూరులో చేయించిన కొత్త మర ఎర్రగా, కొంచెం లావుగా ఉండేది. పాత కమ్మ చుట్టు ఎటు తిరుగుతుందో కంసాలికి అంతుబట్టక దాని కోసం నెల రోజులు తిప్పించాడట. ఈ కథ చెప్పిన రోజే మామ తేల్చి చెప్పేశాడు. "ఇంకొక మర పోయిందంటే ఆ కమ్మలు కరిగించి గొలుసు చేయించేస్తా, నా పేనం విసిగిపోయింది" అని. మా అత్తకి వాళ్ళమ్మ గుర్తుగా మిగిలింది ఆ కమ్మలే. ఇవన్నీ తెలిసి కూడా నేను ఏం చేశానంటే, శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, లోపలి తడి ఆరాలని కమ్మల్నీ మరల్నీ తీసుకెళ్ళి డిష్షు డబ్బా మీద పెట్టాను.

అప్పడాల పొట్లం పక్కకి జరుపుతుంటే మోచెయ్యి తగిలింది. చొక్కా గుండీ అంత ఉండే పాత మర దొర్లింది. డబ్బా మీద వేడి పోవడానికి సన్నటి చీలికల్లాంటి గాళ్ళుంటాయి చూడండి, ఒకదాని అంచు దాకా పోయి, నిలువుగా తిరిగి, నేను చెయ్యి చాపేలోపు 'టిక్'మని లోపలికి పోయింది. నా గుండె కూడా దాంతోపాటే పోయింది. మొదట చేసిన పని ప్లగ్గు పీకేయడం. కరెంటు ఉన్న డబ్బాలో బంగారం పడితే ఏమవుతుందో నాకు తెలియదు గానీ, మంచైతే జరగదని అనిపించింది. అంతలో వంటింట్లోంచి అత్త వచ్చింది. "టీవీ ఆపినావెందుకుమే? నిన్నటి కత మళ్ళా వేస్తారు గదా ఇప్పుడు."

"కరెంటు పోయింది అత్తా."

అత్త తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. నేను కూడా చూశాను. ఆ ఫ్యాను అంత జోరుగా తిరగడం ఆ రోజే చూశాను.

"అంటే... డిష్షు రావట్లా" అన్నాను. అత్త వంటింటి వైపు తిరిగింది. "సాయంత్రానికి రావాల. శనారం కత మంచి చోట ఆపుతారు" అని వెళ్ళిపోయింది. నేను కమ్మల్ని ఎర్ర మరతో సహా గుడ్డలో చుట్టి, డబ్బాని కొంగు కింద పెట్టుకుని నా గదిలోకి దూరాను. ఊపితే లోపల గలగలమని చప్పుడు. పోనీలే, ఉంది, బతికే ఉంది అనుకున్నాను. తిరగేసి చూస్తే నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. మన ఇంటి పనిముట్టు తెచ్చి ఒకదాని మీద పెట్టాను. అది తలమీద జారిందే గానీ దిగలేదు. వంగి చూస్తే అది ప్లస్ కాదు, మైనస్ కాదు. నక్షత్రం లాంటి గుంట, ఆ గుంట మధ్యలో ఒక ఇనప పుల్ల, నోరు తెరిచిన పాపాయికి మొలిచిన ఒంటి పన్నులాగా.

ఆ తర్వాత నేను చేసిన ప్రయత్నాలు చెప్పుకుంటే సిగ్గు. పిన్నీసు వంగింది. గోళ్ళు కత్తిరించేదాని కొన విరిగింది. తలపిన్ను పెట్టి తిప్పితే పిన్నే మెలి తిరిగింది. రాసే పెన్ను కాల్చి మెత్తబడ్డాక స్క్రూలో అదిమితే దాని అచ్చు వస్తుందని ఎక్కడో ఫోన్లో చూసినట్టు గుర్తొచ్చింది. కొవ్వొత్తి మీద పెన్ను పెట్టగానే ఇల్లంతా కంపు.

"ఏంది మాడతా ఉండాది?" అని అత్త కేక.

"పాలు అత్తా!"

"పాలు ఇంకా పొయ్యి మీద పెట్టలా గదా!"

ఇక లాభం లేదని మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన కృష్ణపట్నం పోర్టులో పని. ఆ రోజు డ్యూటీ ఎక్కితే మళ్ళీ ఆదివారం తెల్లారే దిగేది. వెనకాల క్రేన్ల చప్పుడు, మధ్యలో ఈయన గొంతు. విషయమంతా గుసగుసగా చెప్పాను. ముందు నవ్వాడు (ఆ నవ్వు నేనింకా మర్చిపోలేదు), తర్వాత చెప్పాడు. "అది నచ్చత్రం స్క్రూ. మద్దిలో పుల్ల ఉండాదంటే, బొక్క ఉండే స్క్రూడ్రైవరే కావాల. మామూలోళ్ళు ఇప్పకూడదనే అట్ట పెడతారు."

"నాలాంటోళ్ళ కోసమేనా బావా?"

"నీ కోసమే చేయించినట్టున్నారు. అల్లూరులో బోల్టు తాత కాడ దొరకతాది. పలుగు మాత్రం తీసుకోబాక" అని పెట్టేశాడు. నిజానికి నా కళ్ళు అప్పటికే మూలనున్న పలుగు మీద ఉన్నాయి.

డబ్బాని మళ్ళీ టీవీ కింద పెట్టేసి, పూలు తేవాలని అత్తకి చెప్పి ఆటో ఎక్కాను. రొయ్యల చెరువుల మధ్య రోడ్డు, రెండు వైపులా నీళ్ళు చిలికే ఏరేటర్లు. బోల్టు తాత కొట్టంతా మేకుల డబ్బాలు, గొలుసులు, పంపు వాచర్లు. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, "తల ఎట్టుండాది?" అన్నాడు. అప్పుడు తెలిసింది, డబ్బా తేలేదు, ఫోటో తీయలేదు. "నక్షత్రం తాతా" అన్నాను. "ఆ మాట అందురూ అంటారు. అయిదు కొమ్ములా ఆరు కొమ్ములా? మూడు మూలలది ఒకటుండాది, మూడు రెక్కలది ఒకటుండాది, పలకలది ఒకటుండాది..." అంటూ ఒక్కొక్కటీ గల్లా మీద పరుస్తున్నాడు. ఇన్ని రకాల తలలా! మనుషుల్లోనే ఇన్ని లేవు కదా అనిపించింది. ఎంత తలుచుకున్నా కొమ్ముల లెక్క గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఏం తోచక గల్లా మీది దుమ్ములో వేలు పెట్టాను. పెట్టగానే వేలు దానంతటదే నడిచింది. మధ్యలో చుక్క, చుట్టూ చుక్కలు, వాటిని కలుపుతూ రేకులు. రోజూ గుమ్మం ముందు వేసే చెయ్యి కదా, కన్ను మర్చిపోయింది గానీ చెయ్యి మర్చిపోలేదు. ఆరు రేకులు వచ్చాయి.

తాత వంగి చూశాడు. "స్క్రూ అడిగితే ముగ్గేసినావేందమ్మా" అని నవ్వి, చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీశాడు. ఒక పిడి, దానికి తగిలించే రకరకాల మొనలు. అన్నీ ఆరు రేకులవే, ఒకదాని కంటే ఒకటి చిన్నవి, కొనలో బొక్క ఉన్నవి. "ఏది పడతాదో ఇంటికి పోయి చూసుకో" అన్నాడు. ఆ పెట్టెని గుండెకి హత్తుకున్నంత గట్టిగా నా పెళ్ళిలో తాళి కూడా హత్తుకోలేదు. (పూలు కొనడం మర్చిపోయాను.)

ఇంటి గేటు దగ్గర అత్త నిలబడి ఉంది.

"పూలేవి? చేతిలో అదేంది?"

"స్క్రూడ్రైవర్ అత్తా. డిష్షు బాగు చేద్దామని."

"కొత్తదా?"

"కొత్తదే" అన్నాను, మెచ్చుకుంటుందని.

అత్త చేతులు రెండూ చాపి గేటుకి అడ్డంగా నిలబడింది. "ఆడనే ఉండు. ఈ పొద్దు ఏం వారం? శనారం నాడు ఇనుము కొని ఇంటికి తెస్తావా? ఆ మెట్ట ఊళ్ళో మీయమ్మ నీకేం చెప్పలా?" మా అమ్మ చెప్పింది. శనివారం ఇనుము తేకూడదని నాకూ తెలుసు. కానీ ఆ మర 'టిక్'మన్నప్పటి నుంచి నాకు వారాలు, తిథులు ఏవీ లేవు. అత్త ఆగలేదు. "మీ మామ ఒక శనారం ఏరేటరుకి గొలుసు తెచ్చినాడు. వద్దంటే ఇనలా. పది రోజులు తిరక్కముందే రొయ్యంతా మచ్చలొచ్చి తేలిపోయింది. ఇప్పుడు చెరువులో పంటుండాది పాపా, పట్టుబడికి వచ్చే పంట." ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నా భయం నాది, ఆమె భయం ఆమెది. మా ఇద్దరి మధ్య ఒక గేటు.

"పోనీ ఎదురింట్లో పెట్టి వస్తా" అన్నాను. ఎదురింటి అక్క అరుగు మీద నుంచే కేక వేసింది. "మా ఇంట్లోకా? మాకు మాత్రం చెరువు లేదా!" పక్కింటి వాళ్ళు నేను అడగకముందే తలుపు దగ్గరికి వేశారు. ఆ వీధిలో చెరువు లేని ఇల్లు ఒక్కటి కూడా లేదు మరి. చివరికి అక్కే తీర్పు చెప్పింది. "ఆ కల్వర్టు మీద పెట్టుకో. రోడ్డు పంచాయితీది. పంచాయితీకి రొయ్యలు లేవు."

అట్లా నేను ఎండలో కల్వర్టు మీద కూర్చున్నాను, ఒళ్ళో స్క్రూడ్రైవర్లు. డబ్బా ఇంట్లో, మర డబ్బాలో. "రేపు ఫంక్షన్ నుంచి వచ్చినాక చూద్దాం, లోపలికి రా. కమ్మలు యాడ పెట్టినావు? ఒకసారి పెట్టుకోని చూసుకుంటా" అంది అత్త. నాకు చెమటలు పట్టాయి. "సీరియల్ అత్తా!" అని అరిచాను. "సాయంత్రం ఆ పిల్లకి నిజం తెలిసిపోతాదో లేదో! డబ్బానే బయటికి తెస్తే ఇక్కడే విప్పుతా. ఇనుము లోపలికి రాదు, చెరువుకేం కాదు." అత్త ఆలోచించింది. నమ్మకం ఒక వైపు, సీరియల్ ఒక వైపు. లోపలికి పోయి డబ్బాని తనే పట్టుకొచ్చింది. నడుస్తూ నడుస్తూ ఆగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగల.

"ఏంది లోపల?"

"స్క్రూ ఏదో ఊడినట్టుంది అత్తా" అన్నాను, కల్వర్టు కింద నీళ్ళ వైపు చూస్తూ.

మొనలు ఒక్కొక్కటీ పెట్టి చూశాను. మొదటిది పెద్దది, రెండోదీ పెద్దదే. మూడోది పెట్టగానే గుంటలో దిగి కూర్చుంది చూడండి, ఆ పట్టు చేతికి తెలిసినప్పుడు కలిగిన సుఖం నాకు పెళ్ళిలో జీలకర్ర బెల్లం అప్పుడు కూడా కలగలేదు. కానీ ఉప్పు గాలికి స్క్రూ తుప్పుపట్టి కదలదు. అత్త కొబ్బరి నూనె తెచ్చి చుక్క వేసింది. ఎదురింటి అక్క డబ్బా గట్టిగా పట్టుకుంది. 'కిర్రు'మని మొదటిది వచ్చింది, ఆ వెనకే మిగతావి. నా పథకం ఏమిటంటే, మూత ఎత్తగానే అందరికంటే ముందు మరని పిడికిట్లో దాచేయడం. అందుకని దగ్గరగా వంగాను. అత్త నాకంటే దగ్గరగా వంగింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మూత లేచింది. ముందు కనిపించింది మా ఇంటి చరిత్ర. అప్పడాల పొడి, అగ్గిపుల్లలు, బీడీ ముక్క, ఎండిపోయిన బల్లి గుడ్డు పెంకు, అత్త ఎప్పుడో తిట్టుకుంటూ వెతికిన పిన్నీసు. ఆ దుమ్ములో పచ్చగా మర మెరిసింది. దాని పక్కనే ఇంకొకటి. రెండూ ఒకే రకం, రెండూ పాతవే.

నేను కళ్ళు నులుముకునేలోపు అత్త చెయ్యి వచ్చి రెండింటినీ మూసేసింది.

"అత్తా... నేను పడేసింది ఒకటే" అని నోరు జారాను.

అత్త నన్ను చూసింది. నేను అత్తను చూశాను. అంతటి పెద్దామె ముఖం పలక పోగొట్టుకున్న బడి పిల్ల ముఖంలా అయిపోయింది. "ఏంది దొరికింది?" అంది ఎదురింటి అక్క. "స్క్రూలు మే, స్క్రూలు!" అని అత్త కసురుకుంది. సరిగ్గా అప్పుడే చెరువు నుంచి మామ బండి మీద వచ్చి ఆగాడు. కల్వర్టు మీద సంసారమంతా చూసి, డిష్షు సంగతి తెలుసుకుని, పకపకా నవ్వాడు. "బాగా ఎతకండి. మీ అత్త కమ్మ మర గూడా అందులోనే ఉండాదేమో!"

మా ఇద్దరికీ ఊపిరి ఆగింది. మామ తన హాస్యానికి తనే నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

డబ్బా బిగించాం. "ఇనుము తగిలిన డబ్బా లోపలికి పోవచ్చా?" అని అక్క అనుమానం తెస్తే, అత్త పసుపు నీళ్ళు తెచ్చి చల్లింది (గాళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను). స్క్రూడ్రైవర్ల పెట్టె ఆదివారం దాకా కల్వర్టు పక్క తీగల్లోనే, ఒక కొబ్బరిమట్ట కింద. టీవీ వచ్చింది, కథ మంచి చోట ఆగింది. అప్పుడు అత్త వంటింట్లోకి నన్ను పిలిచి, పాత మరలు రెండూ కమ్మలకి బిగించమంది, మిగిలిన ఎర్ర మరని పోపుల పెట్టెలో దాచుకుంది. నా తప్పుకి తిడుతుందని నిలబడ్డాను. ఆమె మాత్రం గొంతు తగ్గించి, "నేనూ అట్టనే ఆరబెట్టినా పాపా" అంది. "చూస్తే కనపడలా. ఆయన అడిగితే నోటికొచ్చింది చెప్పినా, చెరువులో పడిందని. బురదంతా జల్లెడ పడతాడని నేననుకున్నానా?" ఆ పూట మేమిద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆ ఇల్లు నాది అనిపించింది అప్పుడే.

ఆ పంట మచ్చ లేకుండా చేతికొచ్చింది. చెరువు ఎండగట్టిన రోజు మామ మామూలుగానే జల్లెడతో బురదలో దిగాడు. అత్త ఏనాడూ లేనిది తనే క్యారియర్ తీసుకుని గట్టు మీదికి వెళ్ళింది, నన్ను కూడా రమ్మంది. మామ అన్నం తింటున్నంతసేపూ ఆమె బురద అంచున ఏదో వెతుకుతున్నట్టు తిరిగింది. మళ్ళీ దిగిన కాసేపటికి మామ కేక ఊరంతా వినబడింది. మోకాళ్ళ దాకా బురద, అరచేతిలో మర, కళ్ళలో నీళ్ళు. "నేను చెప్పలా! చెరువు ఎవురి సొమ్మూ ఉంచుకోదని నేను చెప్పలా! ఉప్పునీళ్ళలో ఇన్నేళ్ళుండి గూడా ఎట్ట మెరస్తా ఉండాదో చూడు!"

"బంగారం గదా" అంది అత్త, చాలా శాంతంగా.

ఆ రోజు మామ ఊళ్ళో ఎవరెవరికి చూపించాడో లెక్క లేదు. కమ్మలు కరిగించే మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. ఇప్పుడు మా వీధిలో ఏ ఇంట్లో ఏ డబ్బా ఆగిపోయినా నన్నే పిలుస్తారు. శనివారమైతే మాత్రం ఇనుము గడప దాటదు కాబట్టి, వాళ్ళ వస్తువే మా అరుగు మీదికి వస్తుంది. నేనూ ఏ వస్తువు కొన్నా రంగు చూడను, ధర చూడను, ముందు తిరగేసి అడుగున స్క్రూ తలలు చూస్తాను. కొట్టువాళ్ళు వింతగా చూస్తారు. కల్వర్టు మీదుగా వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక కొత్త కోడలు ఎండలో ఒళ్ళో పెట్టె పెట్టుకుని, ప్రపంచం మునిగిపోయినట్టు కూర్చుని కనబడుతుంది. దాని పక్కన ఒక నిమిషం ఆగి, "ఏడవబాక పిల్లా, లోపల రెండుండాయి" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మదు లెండి. దానికి అప్పటికి ప్లస్, మైనస్ తప్ప ఇంకేం తెలుసు?